చింతచెట్టు మీద బుక్ చేసిన రాత్రి

ఫిబ్రవరిలో ఒక శనివారం, ఉదయం ఏడుంపావుకి నరసరావుపేట బస్టాండులో పిడుగురాళ్ల బస్సెక్కాం, నేనూ మా ఆవిడ ఖాసింబీ. ఈ ప్రయాణానికి కారణం మా అమ్మాయి రేష్మా. నేను పని మానేసి ఇంట్లో కూర్చుని దగ్గుతున్నానని, చెట్ల గాలి పీలిస్తే తగ్గుతుందని ఎక్కడో చదివి, గురజాల దగ్గర ఒక పొలంలో చింతచెట్టు మీద కట్టిన గదిలో మాకు ఒక రాత్రి బస బుక్ చేసింది.

నలభై ఏళ్లు సామిల్లులో పనిచేసినవాణ్ణి నేను. రంపం దగ్గర కాదు. ఊళ్లు తిరిగి, నిలబడి ఉన్న చెట్టుని చూసి, బేరమాడి షావుకారుకి కొనిపెట్టడం నా పని. అలాంటివాణ్ణి చెట్ల గాలికి పంపడమంటే కసాయిని గొర్రెల మందలో విశ్రాంతి తీసుకోమనడమే. ఆ మాట అంటే అమ్మాయి నవ్వి, షరతులు కూడా పెట్టింది. ఎక్కడా చెట్టుకి రేటు కట్టకూడదు. తట్టి చూడకూడదు. సామిల్లు పేరెత్తకూడదు. సరేనని మాను కొలిచే టేపు కూడా ఇంట్లోనే వదిలి వచ్చాను.

ఆడవాళ్లకి బస్సు ఉచితం కాబట్టి ఖాసింబీకి సున్నా టికెట్టు వచ్చింది. అది రెండుసార్లు చదువుకుని, భద్రంగా పర్సులో పెట్టుకుంది. తొమ్మిదిలోపే పిడుగురాళ్లలో దిగి ఇడ్లీ తిన్నాం. అక్కడ సున్నం బట్టీల పుణ్యమా అని రోడ్డు పక్క చెట్లన్నీ తెల్లగా ఉంటాయి. ఆకుపచ్చ చెట్టు చూడాలనుకునేవాళ్లు ఇంకాస్త ముందుకు పోవాలి.

మాచర్ల బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే, చింతచెట్టు మీద పడుకోవడానికని చెప్పాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు.

"మా ఊళ్లో చింతచెట్టు కింద పడుకున్నోడికే దెయ్యం పట్టిందని తాయెత్తు కడతారు. మీరు డబ్బులిచ్చి పైన పడుకుంటారా?"

ఖాసింబీ నాలుగు రోజులుగా అంటున్నది అదే. దాంతో గురజాల వచ్చేదాకా వాళ్లిద్దరూ నన్ను మధ్యలో పెట్టి మాట్లాడుకున్నారు.

పదింటికి గురజాలలో దిగాం. అక్కడి నుంచి ఆటోలో అరగంట. ఆటో బేరం ఎక్కకముందే తేల్చుకోవాలి. పొలం దగ్గర దిగాక బేరమాడటానికి ఇంకో ఆటో ఉండదు.

చెట్ల విహారం అని చెప్పారు కానీ అక్కడ ఉన్నది ఒకటే చెట్టు. మూడు వైపులా మిరప చేలు, నాలుగో వైపు కల్లంలో ఎండబోసిన ఎర్రటి కాయలు. దిగగానే ఘాటు తగిలి, ఇంట్లో వారం రోజులు దగ్గేంత దగ్గు పావుగంటలో దగ్గాను. చింతచెట్టు మాత్రం చెట్టంటే చెట్టే. ఇద్దరు చేతులు చాచినా అందని మాను. రెండు పెద్ద కొమ్మల పంగలో ఇనప చట్రం బిగించి, వెదురు గది కట్టారు. మెట్ల పక్క కమ్మీలకి ప్లాస్టిక్ ఆకులు చుట్టారు. చింతచెట్టుకి ఆకులు తక్కువయ్యాయని కాబోలు.

పొలం యజమాని ఏసురత్నం మాస్టారు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. వచ్చిన డబ్బంతా ఈ గదిలో పోశారని, మిరప రెండేళ్లుగా ఏమీ మిగల్చలేదని, ఈ చెట్టే తమకిప్పుడు ఆధారమని ఆయన భార్య భోజనాల దగ్గర ఖాసింబీతో చెప్పింది. మోదుగ విస్తళ్లలో జొన్నరొట్టె, గోంగూర, పప్పుచారు పెట్టారు. ఆ వంటకి మాత్రం వంక పెట్టలేను. గుంటూరు నుంచి ఒక భార్యాభర్తలూ, వాళ్ల ఇద్దరు ఆడపిల్లలూ వచ్చారు. ఆ రాత్రి పైగదిలో మేం ఆరుగురం పడుకోవాలి.

మూడింటికి కార్యక్రమం మొదలైంది. అందరూ చెట్టుని కౌగిలించుకుని, చెవి ఆనించి, కళ్లు మూసుకుని అది చెప్పేది వినాలని మాస్టారు అన్నారు. గుంటూరాయనకి ప్రశాంతత వినిపించిందట. ఆయన భార్యకి అమ్మ గొంతులాంటిదేదో వినిపించింది. నేనూ ఆనించాను. అప్పుడే పైన పిల్లలిద్దరూ గదిలో ఎగురుతున్నారు. వాళ్ల అడుగులు మానులోంచి డప్పు మీద దెబ్బల్లా దిగివచ్చాయి.

గట్టి మాను అలా మోగదు. చేతులు తీసేశాను, కానీ వేళ్లు ఊరుకోలేదు. అమ్మాయికిచ్చిన మాట తప్పి, చుట్టూ తిరిగి నాలుగు చోట్ల తట్టాను. చెట్టు మొదలు దగ్గర, వేరు పక్కన గోధుమరంగు పొడి రాలి ఉంది. లోపల మొత్తం బోలు. చుట్టూ జానెడు మందం కూడా మిగల్లేదు. దాని మీద ఇనుము, వెదురు, రాత్రికి ఆరుగురు మనుషులు. నాకు నిజంగా భయం వేసింది.

మాస్టార్ని పక్కకి పిలిచి చెప్పాను. నీకెట్లా తెలుసని ఆయన అడిగేలోగా ఖాసింబీ అందుకుంది. మా ఆయన సామిల్లు మస్తాను, చెట్టు సంగతి ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలీదని గొప్పగా చెప్పింది. మాస్టారి ముఖం మారిపోయింది.

"నరసరావుపేట మస్తానువా? నలభై ఏళ్ల కింద మా ఇంటెనక యాపచెట్టు కొన్నది నువ్వే గదా?"

నాకు గుర్తుంది. సామిల్లులో చేరిన కొత్త. బక్కపల్చటి ముసలాయన, పక్కన కొడుకు.

"అప్పుడు కూడా ఇట్టానే తట్టి, బోలు అన్నావు. నా ట్రైనింగు ఫీజు కోసం అమ్మాడు మా నాయన. నువ్విచ్చింది సగానికి కూడా రాలా. ఒక ఏడాది ఇంట్లో కూర్చున్నా నేను. ఇప్పుడు దీని మీద పడ్డదా నీ కన్ను?"

మా వృత్తిలో ఏ చెట్టుకైనా మొదటి మాట అదే. తట్టడం, పెదవి విరవడం, బోలు అనడం. ఆ మాటతో ఎన్ని చెట్లు చవగ్గా కొన్నానో లెక్కలేదు. తీరా నిజంగా బోలు చెట్టు కనబడిన రోజున నా మాటకి విలువ లేకుండా పోయింది. నాన్నా పులి కథ చిన్నప్పుడు బడిలో విన్నాను కానీ, అందులో నాకు వేషం ఉందనుకోలేదు.

బిందె తెమ్మన్నాను. పంగ దగ్గర కొమ్మ విరిగిన చోట పిడికిలి పట్టేంత తొర్ర ఉంది. చెట్టు గట్టిదైతే చెంబుడు నీళ్లకే తొర్ర పొంగుతుంది, పొంగితే నేను ఈ క్షణమే పోతానని చెప్పాను. మాస్టారు తనే బిందె మోసుకెళ్లి పోశారు. చెట్టు తాగింది. రెండోది పోశారు, అదీ తాగింది. ఇది కూడా కార్యక్రమంలో భాగమనుకుని పిల్లలు మగ్గులతో వరసకట్టారు. వాళ్ల నాన్న వీడియో తీశాడు. పదకొండో బిందెకి వేరు పక్క నెర్రెలోంచి గోధుమరంగు నీళ్లు, పొడితో సహా బుడబుడమని బయటికొచ్చాయి. గుంటూరు వాళ్లు చప్పట్లు కొట్టారు.

మాస్టారు ఖాళీ బిందె పట్టుకుని మెట్టు మీద కూర్చున్నారు. చాలాసేపటికి లేచి పరుపులు కిందికి దించారు.

గది తీసేసి, పెద్ద కొమ్మలు రెండూ తేలిక చేయిస్తే మాను ఇంకో తరం నిలబడుతుందని చెప్పాను. "కింద పడుకోడానికి డబ్బులిచ్చి ఎవురొస్తారు?" అన్నారాయన. ఆ రాత్రి అందరం చెట్టుకి దూరంగా, కల్లం పక్కన మంచాల మీద పడుకున్నాం. పొద్దున్నే పిల్లలు ఇంకో రాత్రి ఇలాగే కింద మంచాల మీద పడుకుంటామని ఏడ్చారు. ఆ ఏడుపు మాస్టారికి, ఆయన భార్య చెప్పిన ఏ ఓదార్పుకన్నా బాగా పనిచేసిందనుకుంటాను.

ఎనిమిదింటికి ఆటో వచ్చింది. మాస్టారు రోడ్డుదాకా వచ్చారు. నేను ఎక్కబోతుంటే అడిగారు.

"ఆ యాపచెట్టు నిజంగా బోలేనా?"

అవునంటే సరిపోయేది. ఇప్పుడు ఆయన నమ్మేవారు కూడా.

"కాదు మాస్టారూ. నిండు చేవ. బేరం బాగా చేశానని షావుకారు నాకో దుంగ ఇచ్చాడు. మా ఇంటి ద్వారబంధం దాంతోనే చేయించా."

ఖాసింబీ నా వైపు తిరిగింది. ఆ ద్వారబంధాన్ని ఏటా నూనె పెట్టి తుడిచేది, వీధిలో అందరికీ చూపించి మురిసేది ఆమే. మాస్టారు ఆటో కమ్మీ పట్టుకుని అడిగారు.

"చెద పట్టిందా?"

"ఇంతవరకు పట్టలా."

"పట్టదు. అది మా నాయన నీళ్లు పోసి పెంచిన చెట్టు" అన్నారు. తర్వాత, వచ్చే ఆదివారం మా ఇంటికి వచ్చి దాన్ని చూసి పోతానన్నారు.

బస్సులో ఖాసింబీ నాకు వీపు తిప్పి కిటికీ వైపు కూర్చుంది. పిడుగురాళ్ల దాటాక ఒక్కమాట అడిగింది, మాస్టారికి భోజనంలోకి ఏం వండాలని. రేష్మా ఫోన్ చేసి చెట్ల గాలి ఎలా ఉందంటే బాగుందన్నాను.

ఒంటిగంటకి ఇల్లు చేరాం. తాళం తీసే ముందు ద్వారబంధాన్ని వేళ్లతో తట్టాను. ఎక్కడా బోలు లేదు. చెట్లు చూడటానికి వెళ్లాలనుకునేవాళ్లు మా ఇంటికీ రావచ్చు. బస్టాండు నుంచి నడిచి పది నిమిషాలు, టికెట్టు లేదు. వచ్చే ఆదివారం మాత్రం వద్దు. ఆ రోజు ఒకాయన తన చెట్టు చూసుకోవడానికి వస్తున్నాడు.