గుట్టెక్కిన మోడెము

మదనపల్లె టమాటా మార్కెట్ పక్కనుంచి బస్సు వెళ్తుంటే మగ్గిన టమాటాల పులుపు వాసన గుప్పుమంటుంది. ముక్కు మూసుకునేవాళ్లు మూసుకుంటారు, నేను మాత్రం గట్టిగా పీల్చుకుంటాను. ఆ వాసనతో నాకు మా మామ జిరాక్సు అంగడి, దాని వెనకగదిలో వైరుతో కలిపిన రెండు పాత కంప్యూటర్లు, వాటి ముందు వీపుకు వీపు ఆనించి కూర్చున్న నేనూ, మా పెద్దమ్మ కూతురు వసంతక్కా గుర్తొస్తాం.

ఎండాకాలం సెలవులంతా నిమ్మనపల్లె నుంచి మామ వెంట వచ్చి, మామిడికాయ ముక్కలు ఉప్పూకారంలో అద్దుకుని తింటూ, ఆ వేళ్లతోనే కీబోర్డు నొక్కి తిట్లు తింటూ, దిమ్మెలు పేర్చి ఊళ్లు కట్టే ఆట ఆడేవాళ్లం. ఆ ఆటకు ఎవరో జతచేసిన మాడ్ అనే అదనపు హంగుతో ఆటలోని ఇళ్లలోనూ కంప్యూటర్లూ, వైరు లేకుండా మాట పంపే వైర్‌లెస్ మోడెములూ పెట్టుకోవచ్చు. అక్క చెరువు పక్కన ఇల్లు కట్టింది. నేను రోషానికి పోయి ఎక్కడో దూరాన కట్టాను. ఇక మా పంతమల్లా ఒక్కటే, నోరు తెరవకుండా ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి మాట రావాలి. ఒక్క అక్షరం అందితే ఒట్టు! తప్పు నీదంటే నీదని జుట్లు పట్టుకున్నాం.

ఇంటికొచ్చి, సంగటిలోకి ఊరిబిండి నంజుకుంటూ అవ్వ దగ్గర మొర పెట్టుకున్నాను. గొర్రెల వెంట తిరిగి తిరిగి ఎండిపోయిన మనిషి, కంప్యూటరు మొహమే చూడలేదు.

“పల్లంలో నిలబడి అరిస్తే యాడ ఇనపడ్తాది పాపా? గుట్టెక్కి పిలువు,” అంది.

మరునాడు చెరోచోటా దిమ్మె మీద దిమ్మె పేర్చి, మబ్బుల దాకా గోపురాలు లేపి, మోడెములను కొనకెక్కించాం. ఆ మాడ్ లెక్కా అవ్వ లెక్కే! నేల మీద నాలుగడుగులు పోని మాట, ఎత్తు పెరిగేకొద్దీ దూరం పోతుంది. ఉరుములతో వాన పడితే మాత్రం మళ్లీ తగ్గిపోతుంది. సరిగ్గా అప్పుడే ఆటలో ఉరిమింది. వాన వెలిసేదాకా తెర వైపే చూస్తూ కూర్చున్నాను. వెలిశాక, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు నా తెర మీదికి వచ్చాయి.

“మేం కుప్పం పోతాండాం. నాయనకు ఆడ పని. ఇంక ఈడికి రాము.”

అక్క వీపు నా వీపుకు తగులుతూనే ఉంది. మొహం చూసి చెప్పలేక ఎన్నాళ్లు దాచుకుందో! నాకు ఏడుపు కంటే కోపం ముందొచ్చింది. జవాబు రాయకుండా లేచి వెళ్లిపోయాను.

ఇప్పుడు అవ్వ లేదు, అంగడి లేదు. ఆ కంప్యూటర్లు పాతసామాన్లవాడికి పోయాయి, వాటితోపాటే మా గోపురాలూ. వసంతక్క కుప్పంలోనే ఉంది. ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తుతుంది, పిల్లల చదువులూ వానలూ మాట్లాడుకుంటాం. ఆరోజు రాయాల్సిన “పోబాకక్కా” అన్న ఒక్క మాట మాత్రం ఇన్నేళ్లయినా ఆమెకు చెప్పలేదు.