నాకంటే చిన్నవాడైన అన్న

ముప్పై దాటాక మళ్ళీ కాలేజీలో చేరాను. మొదటిసారి చేరిన డిగ్రీ మధ్యలో ఆగిపోయింది, ఇక్కడ బర్మాలో మా ఈడువాళ్ళలో చాలామందికి ఆగినట్టే. పగలంతా రేవు దగ్గర చౌక్తడా పేటలో, ఓడ సరుకుల ఆఫీసులో గుమాస్తా పని. సాయంత్రం రెండు వీధులు దాటితే ఒక పాత కట్టడం పై అంతస్తులో ఈ ప్రైవేటు కాలేజీ. దానికి ఏదో పైదేశపు యూనివర్సిటీతో పొత్తు ఉంది. ఆ పొత్తుతోపాటు సిలబస్సూ వచ్చింది, ఒక విద్యార్థుల సోదర సంఘమూ వచ్చింది. సంఘం పేరు మూడు గ్రీకు అక్షరాలు. వాటిని ఎలా పలకాలో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. తరగతిలో మగవాళ్ళందరూ చేరుతున్నారని నేనూ చేరాను. చేరడం తప్పనిసరి కాదని చేరాక తెలిసింది.

చొక్కాకి పెట్టుకోమని ఆ అక్షరాల బిళ్ళ ఒకటి ఇచ్చారు. మా అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేటిరా? ఏ దేవుడిది?"

"దేవుడిది కాదమ్మా. ఫ్రటర్నిటీ."

"మెటర్నిటీయా? మగోళ్లకి మెటర్నిటీ ఏటిరా?"

"కాదమ్మా. మగపిల్లల సంఘం. అందులో అందరూ అన్నదమ్ములు."

"నీకున్న అన్న సాల్లేదేటి?" అనేసి, వెంటనే నాలిక కరుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా అన్న సంచౌంగ్ పేటలో మేముండే కట్టడంలోనే, సరిగ్గా మా కింద అంతస్తులో ఉంటాడు. అతనూ వదినా కింద, నేనూ అమ్మా పైన. నాన్న పోయాక నన్ను పెంచింది అన్నే. ఏడాది పైగా అతను నాతో మాట్లాడటం లేదు. పెద్ద గొడవేమీ జరగలేదు. ఒక పొద్దున మెట్ల మీద "అన్నా, బస్సుకేనా?" అని అడిగాను. పలక్కుండా దిగిపోయాడు. వినపడలేదనుకున్నాను. మర్నాడూ అంతే. ఆ తర్వాత నేనూ పలకరించలేదు.

ఎందుకై ఉంటుందో నాకు తోచలేదు. చెప్పకుండా కాలేజీలో చేరాననా? అలా అనుకుందామంటే అతను మాట్లాడటం మానేసింది దానికి ముందే. వదిన చెప్పిన సంబంధం వద్దన్నాననా? ఆ మాట అన్నాక కూడా కొన్నాళ్ళు బాగానే ఉన్నాడు. అమ్మనడిగితే, "ఆడు సెప్పడు, నువ్వు అడగవు, మద్దెన నాకేటి తెలస్తాది?" అనేది. వండిన కూర ఏదైనా సరే సగం కింద ఇచ్చి వచ్చేది. కింది గిన్నె పైకీ, పై గిన్నె కిందికీ తిరుగుతూనే ఉన్నాయి. మాటే తిరగలేదు.

సంఘంలో చేరినవాళ్ళు ఫోన్లో ఒక పాఠ్యక్రమం పూర్తి చెయ్యాలి. వ్యక్తిత్వ వికాసం అన్నమాట. నిన్ను నువ్వు తెలుసుకోవడం, కోపాన్ని పట్టుకోవడం, మాట నిలబెట్టుకోవడం, సోదరభావం, ఇలా భాగాలు. ఎవరి వేగంలో వాళ్ళు చేసుకోవచ్చు. గడువు లేదు, పరీక్ష లేదు. నన్ను ఎక్కువ తికమక పెట్టింది ఇదే. గడువంటూ ఉంటే ముందున్నానో వెనకబడ్డానో తెలుస్తుంది. ఇక్కడ "తొందరేమీ లేదు, మీ వేగంలో మీరు సాగండి" అని రోజూ పొద్దున్నే ఫోన్ మోగేది. తొందర లేనప్పుడు రోజూ ఎందుకు గుర్తుచేస్తున్నారో అర్థమయ్యేది కాదు.

వీడియోల్లో కుర్రాళ్ళు పచ్చిక మీద కూర్చుని తమ జీవితం ఎలా మారిందో చెప్పేవారు. మా కరెంటు సంగతి వాళ్ళకి తెలియదు. సగంలో పోయేది. వచ్చాక వీడియో మళ్ళీ మొదటికి వచ్చేది. ఎర్ర జుట్టు కుర్రాడొకడు "నేను కాలేజీకి వచ్చినప్పుడు నాకు ఎవరూ లేరు" అంటూ మొదలుపెట్టేవాడు. ఆ వాక్యం నాకు నిద్రలో కూడా వచ్చు. తర్వాత అతనికి ఎవరు దొరికారో ఇప్పటికీ తెలియదు.

కొత్తగా చేరిన ప్రతివాడికీ సంఘంలో ఒక అన్నని ఇస్తారు. తమ్ముడు రాసే జవాబులన్నీ ఆ అన్న ఫోన్లో కనపడతాయి. అతను చదివి "చూశాను" అని నొక్కాలి. వయసుతో పని లేదు, ముందు చేరినవాడు అన్న. నాకు వచ్చిన అన్నకి ఇరవై యేళ్ళు ఉంటాయేమో. ఊరి చివర ఇన్సేన్ పేట అబ్బాయి. తాతగారు రైల్వే వర్కుషాపులో పనిచేశారట. ఇద్దరూ తెలుగువాళ్ళే కదా, కలుస్తారు అనుకుని మమ్మల్ని జత చేశారు.

మొదటిసారి కలిసినప్పుడు నన్ను చూసి కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాడు.

"మీరు... మీరేనా నా తమ్ముడు?" అన్నాడు.

"నేనే."

ఇద్దరం చెరో వైపు చూశాం. తెలుగులో చెబితే అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే వెతుక్కునే పిల్లాడు. బర్మా పద్ధతిలో నన్ను "కో" అని పిలవాలి, అంటే అన్నగారూ అని. సంఘం పద్ధతిలో తమ్ముడూ అనాలి. నేనైనా అంతే. కూరగాయల బండివాణ్ణి కూడా నోరారా అన్నా అంటాను కదా, ఈ కుర్రాణ్ణి అనడానికి నాలిక తిరగలేదు. ఆ రోజు నుంచీ కాలేజీ మెట్ల మీద ఎదురైతే అతను ఫోన్ చెవికి పెట్టుకుని గబగబా దాటిపోయేవాడు. నేను పట్టించుకోలేదు.

అలా సాగుతూ సాగుతూ సోదరభావం అనే భాగానికి వచ్చాను. అందులో ప్రశ్న ఇది: మీ సోదరుడితో మీరు చివరిసారి మనసు విప్పి మాట్లాడింది ఎప్పుడు? మీ మధ్య ఇప్పుడు ఏముంది?

ఇంగ్లీషులో ఆ మాట అన్నకీ తమ్ముడికీ ఒకటే. కింద వేసిన బర్మా అనువాదంలో అన్నదమ్ములు అని కలిపి వేశారు. ఏ సోదరుడో చెప్పలేదు. నాకు మాత్రం వేరే ఎవరూ గుర్తు రాలేదు. బర్మా భాషలో రాశాను. తెలుగులో అయితే రాయలేకపోయేవాణ్ణేమో. "అతను నాకు అన్న. మెట్ల మీద ఎదురైతే నేను గోడనైనట్టు దాటిపోతాడు. నేనేం తప్పు చేశానో తెలియదు. కోపముంటే చెబితే బాగుండును. అడగడానికి నాకు ధైర్యం లేదు." పంపించేశాను. మర్నాటికి "చూశాను" అని వచ్చింది.

తర్వాత వచ్చిన ఆదివారం పొద్దున బాల్కనీలో లుంగీలు ఆరేస్తున్నాను. మా వీధిలో ప్రతి బాల్కనీ నుంచీ కింది దాకా ఒక తాడు వేలాడుతుంది. చివర క్లిప్పు, పైన చిన్న గంట. పేపరువాడు, కూరలవాడు తాడు లాగితే పైన గంట మోగుతుంది. ఆ రోజు మోగింది మాది కాదు, కింద అన్న వాళ్ళ గంట. అన్న బాల్కనీలోకి వచ్చాడు. పైనుంచి నాకు అతని నడినెత్తి కనపడుతోంది.

"ఎవలు?"

కింద ఆ ఇన్సేన్ అబ్బాయి. ఒక చేతిలో అరటి గెల, ఇంకో చేతిలో కొబ్బరికాయ. తెలుగు ఇల్లని మర్యాదకి కాబోలు, తెలుగులోనే అరిచాడు.

"తమ్ముడి కోసం వచ్చేను!"

"ఏ తమ్ముడు?"

అతను నా పేరు చెప్పాడు.

"ఆడు పైనుంతాడు. నువ్వెవలు?"

"నాను ఆయన అన్నని!"

వీధిలో బండి దగ్గర మొహింగా సేమ్యా తింటున్నవాళ్ళు చెంచాలు ఆపి తలలెత్తారు.

"ఆడికి అన్నని నానే," అన్నాడు మా అన్న. "మాయమ్మకి మేమిద్దరమే. నువ్వెక్కణ్ణుంచొచ్చినావు?"

"ఇన్సేన్ నుంచి!" అన్నాడు ఆ అబ్బాయి.

అప్పుడు మా అన్న తలెత్తి పైకి చూశాడు. తడిలుంగీ పట్టుకుని నేను కిందికి చూస్తున్నాను. ఏడాది పైన అయింది అతని ముఖం అలా సూటిగా చూసి.

"ఏటిదిరా?" అన్నాడు.

నాతోనే అన్నాడు. "చెబుతాను" అన్నాను.

ఆ అబ్బాయి మెట్లెక్కి వచ్చాడు. వెనకాలే మా అన్న. మా గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, గెలా కాయా నా ముందు పెట్టి, ఆ అబ్బాయి మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించాడు. బర్మావాళ్ళు పెద్దలకి అలాగే దండం పెట్టి క్షమాపణ అడుగుతారు. మా అన్న లోపలికి రాలేదు. ఇనుప తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఓలమ్మ! ఈ పిల్లోడికేటైంది?" అంది అమ్మ.

"కో, నాదే తప్పు," అన్నాడు ఆ అబ్బాయి. చెమటలు కారుతున్నాయి. మాటలు రైల్లో వల్లించుకుని వచ్చినట్టున్నాడు. "మీరు గోడ అని నాను అనుకోలేదు. ఏటని పిలవాలో తెలీక ఫోన్ పెట్టుకున్నాను. ఫోన్లో ఎవలూ లేరు. కోపం లేదు, కో. సిగ్గు."

అప్పటికి గానీ నాకు విషయం అర్థం కాలేదు. నేను రాసింది అతని గురించే అనుకున్నాడు. కాదని చెప్పాలి. కాదంటే మరి ఎవరి గురించో చెప్పాలి. ఆ ఎవరో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చెప్పకుండా ఊరుకుంటే ఈ పిల్లాడు చేయని తప్పుకి మోకాళ్ళ మీద ఉండిపోతాడు.

"లేవయ్యా. నువ్వు కాదు," అన్నాను చివరికి.

"మరి రాసినారు కదా. అన్న అని."

"ఏటి రాసినాడు?" అన్నాడు మా అన్న.

ఆపే లోపలే ఆ అబ్బాయి ఫోన్ తీసి, తరగతిలో పాఠం చదివినట్టు గట్టిగా చదివేశాడు. నా వాక్యాలు ఇంకొకరి గొంతులో వింటుంటే అవి నావి కావేమో అనిపించింది. ధైర్యం లేదు అన్న చోట అతని గొంతు తగ్గిపోయింది. తలెత్తి నన్ను చూశాడు, మా అన్నని చూశాడు. ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

అమ్మ టీ పెడతానని లోపలికి పోయింది. గ్యాస్ వెలిగించిన చప్పుడు మాత్రం చాలాసేపటి దాకా రాలేదు.

"మెట్ల మీద దీపం నేదు," అన్నాడు మా అన్న, ఆ అబ్బాయి వైపు చూస్తూ. "కరెంటుండదు. ఎవలెల్తన్నారో ఎలా కనపడతాది?"

మేం ఆఫీసులకి దిగేది పొద్దున. మా మెట్ల దగ్గర ప్రతి మలుపులోనూ జాలీ కిటికీ ఉంది. పేపరు చదువుకునేంత వెలుతురు.

"అయినా," అని ఈసారి నా వైపు తిరిగాడు, "నాను పలక్కపోతే నువ్వు మాత్రం మళ్లీ పిలిచినావేటి?"

నిజమే, పిలవలేదు. అయితే నేను పిలవనందుకా అతను మాట్లాడనిది? మరి మొదటి రోజు సంగతి? మనసులో ఆ లెక్క ఎంత వేసుకున్నా ముందుది వెనకా, వెనకది ముందూ అయిపోతోంది.

టీ వచ్చింది. అన్న లోపలికి వచ్చి కూర్చున్నాడు, కిటికీ పక్క కుర్చీలో, ఎప్పుడూ కూర్చునే చోటే. ఆ అబ్బాయిని అడిగాడు.

"ఈ సదువు ఎన్నాళ్లు?"

"ఎన్నాళ్లైనా."

"పాసు, ఫెయిలు?"

"లేవు."

"మరి అయిపోయినట్టు ఎలా తెలస్తాది?"

ఆ అబ్బాయి గ్లాసు చేతిలో పట్టుకుని ఆలోచించాడు. "నాకూ తెలీదు. నాదీ అవలేదు."

మా అన్న నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. తర్వాత ఆ గెలా కాయా ఎవరివన్న తర్జనభర్జన వచ్చింది. క్షమాపణ చెల్లనందుకు తిరిగి పట్టుకుపోతానని ఆ అబ్బాయి అంటాడు, గడప దాటి వచ్చిన పండు వెనక్కి పోకూడదని అమ్మ అంటుంది. చివరికి కాయ దేవుడి దగ్గర కొట్టి, ఒక చెక్క అతనికిచ్చి, వాళ్ళమ్మకని చేపల పులుసు డబ్బాలో పోసి పంపింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నన్ను ఏదో పిలవబోయి, "టాటా" అని ఊరుకున్నాడు.

మర్నాటి నుంచి అన్న మాట్లాడుతున్నాడు. "పైన నీళ్లు వస్తన్నాయా?" అనో, "అమ్మకి మందులున్నాయా?" అనో. మునుపటిలా అనుకోవాలా, కొత్తగా అనుకోవాలా, తెలియదు. ఒకసారి వదినని అడిగాను, అన్నకి కళ్ళు సరిగ్గా కనపడటం లేదా అని. "మీ అన్న కళ్లకేటి? ఈధి సివర బస్సు నంబరు సదువుతాడు," అంది. "ఎందుకు మాటాడ్డం మానేసినాడో నాకూ సెప్పలేదు."

పాఠ్యక్రమంలో ఆ భాగం పూర్తయినట్టు చూపించడం లేదు. ఆ ప్రశ్నకి ఇంకొంచెం వివరంగా రాయమని అడుగుతోంది. వివరం ఉంటే రాయనా?

మొన్న పొద్దున ఇద్దరం ఒకేసారి తలుపు తీసి మెట్ల మీద కలిశాం. కలిసే దిగాం. బస్సుస్టాపు దగ్గరికి వెళ్ళాక అడిగేశాను.

"అన్నా, అప్పుడు ఎందుకు మాటాడ్డం మానేసినావు?"

అతను రోడ్డు వైపే చూస్తున్నాడు. "ఇప్పుడు మాటాడతన్నాను కదా," అన్నాడు.

"అది కాదు. అప్పుడు..."

బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. అన్న నాకంటే ముందు ఎక్కి, రెండు సీట్లు ఖాళీగా ఉన్న చోట కూర్చుని, పక్క సీటు మీద తన టిఫిన్ క్యారియర్ పెట్టాడు. నేను దగ్గరికి వెళ్ళాక తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చౌక్తడా దాకా వాన గురించి మాట్లాడుకున్నాం.