తర్సినా మాట పూర్తయ్యేదాకా

ఇండోనేషియాలో చిరెబోన్ రేవు పక్కన పీతలు ఒలిచే షెడ్డులో మేం ముప్పైమంది ఆడవాళ్లం. పొద్దస్తమానం ఉడికిన పీతల డొప్పలు విరిచి మాంసం తీయడమే పని. ఉప్పుకి వేళ్లు చీరుకుపోయి మంటెత్తేవి. ఆ మంట ఎవరిమీదో ఒకరి మీద కక్కాలి. తర్సినా దొరికింది.

తర్సినాకి నత్తి. చేరిన రోజే జునెంగ్సీ పట్టేసింది. మా బల్ల మీద జునెంగ్సీదే పెత్తనం. ఆమె నవ్వితే మేం నవ్వాలి, లేకపోతే రేపు మా వంతు.

"నీ పేరేంటే? త-త-త-తర్సినానా? నువ్వు చెప్పేలోపు ఈ పీత లేచి నడుస్తుందే!"

బల్లంతా పగలబడి నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. మూడు నెలలకి తర్సినా నోరు మూసేసుకుంది. మంచినీళ్లు కావాలన్నా చేయే చూపించేది.

బల్ల చివర కస్మినా కూర్చునేది. యాభై దాటాయి, మొగుడు లేడు. ఇరవై ఏళ్లు రైల్వే స్టేషన్లో వేయించిన టోఫూ అరిచి అరిచి అమ్మి, గొంతు బొంగురుపోయాక ఇక్కడికొచ్చింది. ఎవరి జోలికీ పోయేది కాదు.

ఒక మధ్యాహ్నం అన్నాల వేళ తర్సినా లేచి మేస్త్రీ ముందు నిలబడింది. "పా-పా-పా..." అంటుండగానే జునెంగ్సీ గిన్నె మీద చెంచాతో తాళం వేసింది. మరో నలుగురు అందుకున్నారు. మేస్త్రీ కూడా నవ్వాడు.

కస్మినా లేచి వచ్చి తర్సినా పక్కన నిలబడింది. జునెంగ్సీ వైపు చూడను కూడా లేదు.

"చెప్పమ్మా. నాకేం తొందర లేదు. పాపకేమైంది?"

తర్సినా చెప్పింది. చాలాసేపు పట్టింది. పాపకి జ్వరం, ఇంటికి వెళ్లాలి. అప్పటికి ఒక్క చెంచాయే మోగుతోంది.

"ఇప్పుడు పుట్టుకొచ్చిందా జాలి, ముసలీ? ఇన్నాళ్లూ నువ్వూ పళ్లికిలించావుగా!" అంది జునెంగ్సీ.

"ఇకిలించాను. సిగ్గులేక," అంది కస్మినా. "మేస్త్రీ, విన్నావుగా. పంపించు."

పంపాడు.

మర్నాటి నుంచి కస్మినా మీద పడ్డారు. బొంగురు కప్ప అన్నారు. ఆమె అన్నం డబ్బాలో చేప పేగులు వేశారు. ఆ రోజు నేను నా డబ్బా తీసుకెళ్లి ఆమె ముందు పెట్టి, "సగం నువ్వు తినక్కా" అన్నాను.

"నీకెందుకే?" అంది జునెంగ్సీ.

"నాకు నవ్వు రావట్లేదు."

అంతకన్నా గొప్ప మాట నా నోట రాలేదు. తర్వాత ఇంకో ఇద్దరు మా వైపు జరిగారు. జునెంగ్సీ మారలేదు. కాకపోతే ఆమె నవ్వు ఒంటరిదైంది.

తర్సినా ఇప్పుడు మాట్లాడుతుంది, కస్మినాతో ఎక్కువగా. ఒకసారి నేను క్షమించమని అడిగాను. తలెత్తి నన్ను చూసింది.

"క-కళ్లు మూసుకున్నా నీ న-నవ్వు గుర్తుపడతాను," అని, మళ్లీ పీత అందుకుంది.