యాదగిరి సార్ చేతులు జోడించని రోజు

నిన్న పొద్దున ఫోన్ పెట్టేసి వంటింట్లో నేల మీదే కూలబడ్డాను.

అమ్మ కంగారుగా వచ్చి, విషయం విని, "మనకేమైతాడని పాపా ఇంతగా ఏడుస్తావు?" అంది.

నాన్న పేపర్ దించకుండానే, "ఆయప్పే లే. మన పిల్లకు దేవుడు లేడని నూరిపోసినాయన" అన్నారు.

ఏడాదిగా ఇదే మాట. చెప్పి చెప్పి విసిగిపోయాను. అందుకే చందానగర్ నెట్ సెంటర్‌లో కూర్చుని మన డిగ్రీ బ్యాచ్ గ్రూప్‌కి రాస్తున్నా. మీరైనా సరిగ్గా అర్థం చేసుకోండి.

మా హెడ్మాస్టర్ యాదగిరి సార్ పోయారు.

హార్ట్ ఎటాక్. తెల్లారుజామున హనుమంతుడి గుడిలో ప్రదక్షిణ చేస్తూ పడిపోయారట.

దేవుడు లేడని చెప్పిన మనిషి అట!

మీరంతా కంప్యూటర్ కోర్సుల్లో చేరినప్పుడు నేను కొండాపూర్ దాటాక ఉన్న సర్కారు బడిలో విద్యా వలంటీర్‌గా చేరా, గుర్తుందా? మా పిల్లల్లో సగం మంది అమ్మానాన్నలు హైటెక్ సిటీ బిల్డింగులకు ఇటుకలు మోసేవాళ్ళే.

చేరిన మొదటి వారం. నా గొంతు బాగుందని ప్రేయర్ నాకిచ్చారు. సరస్వతి శ్లోకం. మూడు వందల మంది, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని.

ఒక్క పిల్ల తప్ప.

ఏడో క్లాస్ సబీహా. చేతులు కిందికి వేలాడేసి, నోరు మూసుకుని నిలబడింది. నాకు పొగరు అనిపించింది. "చేతులు జోడించు" అన్నా. కదల్లేదు. కొత్త టీచర్ని కదా, పరువు పోతుందని భయం. లైన్లోకి వెళ్ళి దాని రెండు చేతులూ పట్టుకుని నేనే జోడించా.

చల్లగా ఉన్నాయి ఆ వేళ్ళు.

నేను వదలగానే చేతులు మళ్ళీ కిందికి జారిపోయాయి.

అప్పుడు వరండా మీంచి సార్ దిగి వచ్చారు. నుదుటి మీద ఇంత సిందూరం. పిల్లకి ఇవాళ మూడిందనుకున్నా.

ఆయన తిన్నగా వెళ్ళి సబీహా పక్కన లైన్లో నిలబడ్డారు. ఏడో క్లాస్ పిల్లల మధ్య, అంత పొడుగు మనిషి. చేతులు కిందికి వదిలేసి. నోరు మూసుకుని. శ్లోకం అయిపోయేదాకా.

ఒక్కొక్కరే కళ్ళు తెరిచి చూశారు పిల్లలు.

తర్వాత స్టాఫ్ రూంలో, కోపం లేకుండానే అన్నారు.

"మేడం, నేను నాలుగింటికి లేచి హనుమంతునికి మొక్కి వస్త. అది నా మొక్కు. ఇయాల ఆ పిల్ల చేతులు వట్టుకొని మొక్కిచ్చిన్రు గదా, గది ఎవరి మొక్కు? మీదా, ఆమెదా?"

 

మర్నాడు అసెంబ్లీలో ఆయనే మైక్ తీసుకున్నారు. "ఇగ శ్లోకం బదులు రోజూ ఒక్క నిమిషం సప్పుడు జెయ్యొద్దు. ఎవరి దేవునికి వాళ్ళు మొక్కుకోండ్రి. మొక్కబుద్ధి కాకుంటే ఎక్కాలు యాద్ జేసుకోండ్రి."

రోడ్డుకి అవతల బండలు పేలుస్తుంటారు, కిటికీలు అదిరిపోతాయి. అయినా ఆ నిమిషం మూడు వందల మందిలో ఒక్కరూ కళ్ళు తెరిచేవాళ్ళు కాదు. గుళ్ళో కూడా నాకు అంత నిశ్శబ్దం దొరకలేదు.

మొన్నటి వానాకాలం మా మేనమామ బడికి వచ్చాడు. మీకు తెలుసుగా, రియల్ ఎస్టేట్. రెండు రూములు కట్టిస్తానన్నాడు. గేటు దగ్గర సరస్వతి విగ్రహం పెట్టాలి, ప్రతి పిల్లా మొక్కి లోపలికి రావాలి, అదీ కండిషన్.

"రూములు కట్టియ్యుండ్రి, విగ్రహం గూడ పెట్టుండ్రి సార్. రోజూ పూలు నేనే తెస్త. గని మొక్కితేనే లోపటికి అనే మాట వద్దు" అన్నారు యాదగిరి సార్.

"సరస్వతికి మొక్కితే చదువు వస్తాది గాని పోతుందా సార్?"

"చిన్నప్పటి సంది మొక్కుతున్న. నాకు ఇంగ్లీష్ రానే రాలే."

స్టాఫ్ అంతా నవ్వాం. మామ నవ్వలేదు. రూములూ రాలేదు.

అప్పటికి ఎనిమిదో క్లాస్ రేకుల కింద తడుస్తోంది. సార్ తన ఆఫీస్ రూం వాళ్ళకిచ్చేసి, టేబుల్ వరండాలోకి లాక్కున్నారు. వానాకాలమంతా ఒక చేత్తో రిజిస్టర్ మీద గొడుగు పట్టుకుని, ఇంకో చేత్తో సంతకాలు. తుమ్ములు. "జర జలుబు అంతే, ఫికర్ వద్దు" అనేవారు.

ఇంత భక్తీ, ఇంత మొండితనమూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో! నేను చూశాను కాబట్టి నమ్ముతున్నా.

నిన్న సాయంత్రం మామ ఇంటికొచ్చాడు. "పాపం, మంచాయనే. అయినా ఇంగ అడ్డం చెప్పేవాళ్ళు లేరు గదమ్మా" అన్నాడు. ఇన్‌ఛార్జ్ హెడ్మాస్టర్‌తో మాట్లాడేశాడట. సోమవారం రూములకు శంకుస్థాపన. అసెంబ్లీలో శ్లోకం మళ్ళీ మొదలు, అందరూ చేతులు జోడించాల్సిందే. పాడించేది నేను. కాదంటే వచ్చే ఏడు నన్ను కొనసాగించే కాగితం మీద ఇన్‌ఛార్జ్ సంతకం పెట్టడు.

"బడికి రూములొస్తాయి, నీ పోస్టు నిలుస్తాది. ఏం పోయేది నీకు?" అంది అమ్మ.

రూములు కావాలి. నిజమే. ఆ ఉద్యోగం నాకూ కావాలి. రాత్రంతా అదే ఆలోచించా.

సార్, మీరు రోజూ మొక్కిన ఆ స్వామి దగ్గరే మీకు చల్లటి చోటు దొరకాలి. వెళ్ళి రండి.

పొద్దున మామకి ఫోన్ చేసి చెప్పేశాను. సోమవారం నేను పాడను. ఎవరి చేతా పాడించను.