సగంలో ఆగిన మొక్కజొన్న చేను

పోయిన వారం నా భార్య గుండెపోటుతో చనిపోయింది. ఆ పొద్దున రొంపిచెర్ల పక్కన మా చేలో మొక్కజొన్న వేస్తున్నాం. నేను ట్రాక్టరు మీద, ఆమె గొర్రు వెనక. సగం చేను అయ్యాక చెయ్యెత్తింది. ఎరువు గొట్టం పూడిందనుకున్నాను.

"మళ్లీ ఏందే?"

దిగి చూస్తే సాలులో కూర్చుని ఉంది. నరసరావుపేట ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

గాలి గొర్రు వాడేవాళ్లకు దాని పెంకితనం చెప్పనక్కర్లేదు. ఫ్యాను గాలి డబ్బాలోని గుళికల ఎరువును గొట్టాల్లోకి తోసి, సాలులో గింజ పక్కన వేస్తుంది. కాస్త తేమ తగిలినా ఎరువు ముద్దకట్టి గొట్టం పూడుతుంది. ట్రాక్టరు మీదున్నవాడికి ఆ సంగతి పైరు పాలిపోయాకే తెలుస్తుంది. అందుకని ఆమె ప్రతి మలుపులోనూ ఆపించి గొట్టాల కింద అరచెయ్యి పెట్టేది.

"మిషన్ కొన్నది నువ్వు దాని ఎనక నడవటానికా?" అనేవాణ్ణి.

"కనపడని గాలిని నువ్వు నమ్ముకోయ్యా. నా వల్ల కాదు."

ఎరువును పిండి జల్లెడతో జల్లించేది. విత్తనం వేసే రోజుల్లో ఇంట్లో జల్లెడ దొరికేది కాదు. గింజ మీద ఎరువు పడితే మొలక మాడుతుంది. "ఎరువు అత్తలాంటిది. పక్కనుంటే కాపురం, నెత్తినెక్కితే మాడిపోద్ది," అని మా అమ్మకు వినపడేలా అనేది.

"నాకు చెవుడు లేదే," అనేది అమ్మ. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. నాకు పని ఆలస్యమయ్యేది.

ఇంత సతాయించిన మనిషి డబ్బాలో ఎరువు ఉండగానే వెళ్లిపోయింది. అదీ కోపమే నాకు.

ఇప్పుడు నేలలో పదును ఆరిపోతోంది. ఇంకా ఆగితే మిగతా సగం మొలవదు. పెద్దకర్మ దాకా విత్తనం ముట్టొద్దని ఆమె అక్క పట్టు.

"మైల్లో విత్తనమేంది మరిదీ? ఊరు నవ్వుద్ది."

"ఊరు పదును తెచ్చిస్తదా వదినా?"

"మా చెల్లి పోయి వారమన్నా కాలా. నీకు చేనే కావాల్సొచ్చిందా?"

"ఏసిన సగం మొలిచింది. రెండో సగం బీడు పడితే, దారినపోయే ప్రతివాడూ 'వాళ్లావిడ పోయిన చేను' అని చెయ్యి చూపిస్తాడు. అది నేను వినలేను."

వదిన ముక్కు చీది లోపలికి వెళ్లింది. ఒప్పుకోలేదు.

రేపు పొద్దున డబ్బాలో గడ్డకట్టిన ఎరువును గునపంతో పొడిచి తీసేస్తాను. కొత్త ఎరువు పోసి, ఆమె కూర్చున్న సాలు దగ్గరనుంచే వేయడం మొదలుపెడతాను.