సమ్మయ్య కలపని కిరసనాయిలు

పద్దెనిమిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఈ ఎండాకాలం ఇద్దరి ముందు దాన్ని దించబోయాను. పూర్తిగా దించలేకపోయాను. ఒక ముక్క లోపలే ఉండిపోయింది. ఆ ముక్క మీకు చెప్పాలని కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

నేను మెకానిక్‌ను. గోదావరిఖని శివార్లలో, పెద్ద రోడ్డు పక్కన నాకో రేకుల షెడ్డు ఉంది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ జరిగితే రేకులన్నీ ఒక్కసారి వణికి ఊరుకుంటాయి. దూరంగా కరెంటు ప్లాంటు గొట్టాల పొగ, వేడిగాలిలో కదలకుండా నిలబడి ఉంటుంది. ఆ వేళ నాకు సగం నిద్ర, సగం మెలకువ. ఆ మగతలోనే నాకు ఒక చప్పుడు వినబడుతుంది. రేకు డబ్బాలో ఎవరో గాజుపూసలు పోసి మెల్లగా ఊపుతున్నట్టు ఉంటుంది. లేచి చూస్తే రోడ్డు మీద ఏ బండీ ఉండదు.

ఆ చప్పుడు ఒక పికప్ బండిది. మా దగ్గర పికప్‌లన్నీ డీజిల్‌వి. అది మాత్రం పెట్రోలుది, పాతది, ఎక్కడో నగరంలో వాడి వాడి వదిలేసింది. ఓదెలన్న దాన్ని కొన్నాడు. ఆయనకు గనిలో డ్యూటీ. పక్కన చిన్న టెంట్‌హౌస్ నడిపేవాడు: కుర్చీలు, షామియానాలు, పెళ్లి వంటలకు పెద్ద గిన్నెలు, గంజులు. బండి నడిపేది ఆయన తమ్ముడు సమ్మయ్య. తండ్రి లేని పిల్లలు. అన్న డ్యూటీ దిగి వచ్చేదాకా తమ్ముడు అన్నం తినేవాడు కాదు. వాళ్ల తల్లి రాజవ్వ ఇద్దరికీ ఒకే పళ్లెంలో కలిపి పెట్టడం నేను చూశాను. పెళ్లిళ్లయ్యాక కూడా.

చలికాలంలో ఒక ఉదయం సమ్మయ్య బండి తెచ్చాడు. లోడుతో బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఇంజన్ లాగడం లేదన్నాడు. నేను టైమింగు సరిచేశాను. పెట్రోలు ఇంజన్‌లో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో నిర్ణయించే భాగం ఒకటి ఉంటుంది. దాన్ని గోరంత ఇటు తిప్పితే రవ్వ ముందుగా పడుతుంది, అటు తిప్పితే ఆలస్యంగా. ఎంత తిప్పాలో చూపించే గుర్తు ఇంజన్ ముందున్న చక్రం మీదే ఉంటుంది. ప్రత్యేకమైన లైటు వేసి ఆ గుర్తు చూసుకోవాలి. ఆ లైటు నా పెట్టెలో ఉంది. తీయలేదు. నాకు నా చెవి మీద గర్వం. కళ్లు మూసుకుని, ఇంజన్ చప్పుడు వింటూ, వేళ్లతో తిప్పి వదిలేశాను. బండి గుర్రంలా ఉరికింది. సమ్మయ్య నవ్వుతూ దణ్ణం పెట్టాడు.

చల్లని ఉదయం. ఖాళీ బండి. అదే నా తప్పుకు మొదలు.

ఎండలు ముదిరాయి. పెళ్లిళ్ల కాలం. నిండు లోడుతో ఎత్తు ఎక్కుతుంటే బండి చప్పుడు చేయడం మొదలుపెట్టింది. సమ్మయ్య పక్కన కూర్చుని గోదావరి బ్రిడ్జి దాకా వెళ్లాను. ఇసుక తెల్లగా మెరుస్తోంది. నీళ్లు ఎక్కడో ఒక గీతలా ఉన్నాయి. దారి ఎత్తు ఎక్కగానే, వెనక గంజుల మోత కింద నుంచి, సన్నగా టిక టికమంటూ గాజుపూసల చప్పుడు. అందంగా ఉంది. ఇంజన్‌ను లోపల్లోపల తినేసే చప్పుడు అంత అందంగా ఉండడం నాకు ఇప్పటికీ వింతే.

రెండు రోజులు వెతికాను. ఇంజన్ వేడెక్కుతోందేమోనని రేడియేటర్ కడిగాను. ప్లగ్గులు మార్చాను. లోపల మసి పేరుకుందేమోనని పైభాగం విప్పి గీకాను. మసి అంతగా లేదు. చప్పుడు పోలేదు. టైమింగు మాత్రం చూడలేదు. ఎందుకు చూడలేదు? ఆ ప్రశ్న నన్ను నేను ఎన్ని వందల సార్లు అడిగానో. అది నేను పెట్టిన టైమింగు కాబట్టి. నా చెయ్యి పడిన చోట తప్పు ఉండదు కాబట్టి. అప్పుడు ఈ మాటల్లో అనుకోలేదు. అసలేమీ అనుకోలేదు. చెయ్యి అటు వెళ్లలేదు, అంతే.

రెండో రోజు సాయంత్రం ఓదెలన్న షిఫ్టు దిగి నేరుగా షెడ్డుకు వచ్చాడు. కంటి రెప్పల అంచున బొగ్గు, కాటుక పెట్టుకున్నట్టు. సమ్మయ్య బండికి ఆనుకుని నిలబడ్డాడు. ఆ రోజు అక్కడ పలికిన ప్రతి మాటా నాకు గుర్తుంది.

"ఏంది మిస్త్రీ, దొరికిందా?" అన్నాడు ఓదెలన్న.

"బండిల ఏం లేదన్నా."

"మరి గా చప్పుడేంది?"

తెలియదని చెప్పవచ్చు. రెండు రోజులు పనిచేసి తెలియదంటే నా చెవి ఏం కావాలి?

"పెట్రోలు మంచిది కాదన్నా. గాసునూనె కలిసినట్టున్నది."

మా వైపు కిరసనాయిలును అలాగే అంటారు. అది కలిసిన పెట్రోలుతో ఇంజన్ అలాగే చప్పుడు చేస్తుంది, ఆ మాట నిజమే. సమ్మయ్య నవ్వాడు. నేను బంకు వాళ్లను అంటున్నానని అనుకున్నాడు.

"గట్లైతే బంకోన్నే అడగాలె అన్నా. నేనైతే రోజు గాడనే పోయిస్త."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకోలేదు.

"గా బంకులనే నేను గుడ పోయిస్త. నా బండికైతే ఏం కాలే."

ఈ ఒక్క మాట. పెట్రోలు గురించి అన్నది పొరపాటు అనుకుందాం. ఇది పొరపాటా? నా మాట నిలబెట్టుకోవడానికి, వేరే దారులన్నీ మూసేసి, మిగిలిన ఒక్క దారిలో ఒక మనిషిని నిలబెట్టాను. ఓదెలన్న తమ్ముడి వైపు తిరిగాడు.

"పెట్రోలు అమ్ముకొని గాసునూనె పోస్తున్నవా, తమ్మీ?"

"అవ్వ మీద ఒట్టన్నా. నేనెందుకు చేస్త?"

"తాళంచెయ్యి ఇటియ్యి."

సమ్మయ్య నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఏదైనా చెబుతానేమోనని. నేను పానా తుడుచుకుంటున్నాను. అతను తాళంచెవి బానెట్ మీద పెట్టి, రోడ్డు దాటి, వేడిగాలిలో అలలా ఊగుతూ చిన్నగా అయిపోయాడు.

నాలుగు రోజులకు ఓదెలన్న బండి తెచ్చి వదిలాడు. ట్యాంకు కడిగి, ఆయనే వేరే బంకు నుంచి తెచ్చిన పెట్రోలు పోయమన్నాడు. కడిగాను. పోశాను. ఇటుకలు నింపి బ్రిడ్జి ఎక్కించాను.

టిక టిక టిక.

అక్కడే బండి వెనక్కి తిప్పాను. షెడ్డుకు వచ్చి, పెట్టెలోంచి లైటు తీసి, చక్రం మీద వెలుగు వేశాను. గుర్తు ఉండాల్సిన చోట లేదు. చాలా ముందుకు జరిగి ఉంది; రవ్వ అంత ముందుగా పడితే ఎండలో, నిండు లోడు మీద ఇంజన్ అలాగే చప్పుడు చేస్తుంది. చలికాలం ఉదయం నేను కళ్లు మూసుకుని తిప్పినంత మేర.

గోరంత వెనక్కి తిప్పాను. బిగించాను. మళ్లీ బ్రిడ్జి ఎక్కాను. చప్పుడు లేదు. ఇంజన్ నిద్రలో ఉన్న పిల్లవాడి ఊపిరిలా సాగింది. కింద ఇసుక, పైన తెల్లటి ఆకాశం, మధ్యలో నేను తేలిపోతున్నట్టు ఉంది. నా జీవితంలో అంత మెత్తగా నడిచిన బండి ఎక్కలేదు.

ఓదెలన్న వచ్చి నడిపి చూశాడు. తిరిగి వచ్చేసరికి ఆయన ముఖం వాడిపోయి ఉంది. బండి బాగైనందుకు ఆయనకు సంతోషం లేదు. చప్పుడు పోకపోయుంటే బాగుండునని, తమ్ముడు నిర్దోషి అయితే బాగుండునని ఆయన కోరుకున్నాడేమో.

"పెట్రోలు మారంగనే పోయింది సూడు," అన్నాడు.

నేను తల ఊపాను.

నేను చేసిన మరమ్మతే సమ్మయ్య దొంగతనానికి సాక్ష్యమైంది. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. రేపు చెబుదాం అనుకున్నాను. వారం పోనీ అనుకున్నాను. ఆలోగా ఊరంతా పాకింది. ఇంజన్ చప్పుడు విని పెట్రోలులో కల్తీ కనిపెట్టిన మిస్త్రీ అని నాకు పేరొచ్చింది. రామగుండం నుంచి, రామగిరి నుంచి బండ్లు వచ్చాయి. నా షెడ్డుకు రెండో గది వచ్చింది. సమ్మయ్య భార్యాపిల్లలతో మందమర్రి వెళ్లిపోయి ఎవరిదో ట్రాలీ ఆటో నడుపుకున్నాడు. అన్నదమ్ములు మళ్లీ మాట్లాడుకోలేదు. ఆరేళ్ల కిందట రాజవ్వ పోయినప్పుడు చితికి ఆ పక్కన ఒకరు, ఈ పక్కన ఒకరు నిలబడ్డారు. గుంపులో నేనూ ఉన్నాను.

ఈ ఎండాకాలం ఓదెలన్న రిటైరయ్యాడు. సన్మానం రోజు భోజనాల వేళ పూలదండతో నా దగ్గరికి వచ్చి, "ఇంట్ల దొంగను పట్టిచ్చినోనివి నువ్వే," అని పదిమందిలో నా భుజం తట్టాడు. నవ్వుతూనే అన్నాడు. నేను అన్నం ముందు నుంచి లేచి వచ్చేశాను.

మరునాడు బస్సెక్కి మందమర్రి వెళ్లాను. సమ్మయ్య జుట్టు సగం నెరిసింది. బజారులో ఆటో పక్కన నిలబెట్టే చెప్పాను, చక్రం మీద గుర్తు, నా చెవి, ఆ తర్వాతి మౌనం, అన్నీ. అతను నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"సచ్చేదాక అవ్వ నన్ను ఒప్పుకొమ్మనే అన్నది," అన్నాడు. "తప్పు ఒప్పుకో బిడ్డా, అన్న కాళ్లు మొక్కు, అని. మొదట్ల గట్ల లేకుండె. మొదట్ల నన్నే నమ్మింది. తర్వాత ఏమైందో మారింది. నిన్నెప్పుడన్న అడిగిందా అన్నా?"

"అడగలే," అన్నాను.

క్షమించమని నేను అడగలేదు. క్షమించానని అతనూ అనలేదు. ఎవరో కిరాయికి పిలిస్తే ఆటో తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ వారమే ఓదెలన్నకు చెప్పాను. ఆయన క్వార్టర్ ముందు మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. "వాడు అవ్వ మీద ఒట్టేసిండు. నేను వినలే," అని మాత్రం అని, లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. తర్వాత ఆయన మందమర్రి వెళ్లాడని విన్నాను. అక్కడ ఏం జరిగిందో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు నాకు లేదు.

ఇద్దరికీ చెప్పాను. తేలికపడాలి కదా? పడలేదు. ఎందుకంటే "అడగలే" అన్నది అబద్ధం.

రాజవ్వ నన్ను అడిగింది. సమ్మయ్య వెళ్లిపోయిన రెండు నెలలకు, ఒక మధ్యాహ్నం, తడి తువ్వాలు తలమీద వేసుకుని నడిచి వచ్చింది. షెడ్డులో నేనొక్కడినే ఉన్నాను. పాత టైరు మీద కూర్చుంది. నీళ్లిచ్చాను. తాగకుండా గ్లాసు ఒళ్లో పెట్టుకుంది. అప్పటికి చక్రం మీద గుర్తు జరిగిందెవరి వల్లో నాకు పూర్తిగా తెలుసు.

"కొడుకా, ఇంజన్ల అబద్ధం గుడ నీ చెవుకు దొరుకుతదంటరు. నా చిన్నోడు నా మీద ఒట్టేసిండు. నాకైతే వాడు చేసిండనిపిస్తలేదు. నువ్వు చెప్పు. నువ్వేది చెప్తే గదే నమ్ముత."

బ్లాస్టింగ్ జరిగింది. రేకులు వణికాయి. ఆమె ఒళ్లో గ్లాసులో నీళ్లు చిన్నగా కదిలాయి. అవి కదలడం ఆగేదాకా నాకు సమయం ఉంది. అవి ఆగాయి.

"ఏమో అవ్వా," అన్నాను. "పెట్రోలు మారినంక చప్పుడైతే పోయింది."

"గట్లనా," అంది. నీళ్లు తాగింది. గ్లాసు కడిగి బోర్లించి పెట్టి వెళ్లింది.

ఆ తల్లి మనసును మార్చింది నేను. కొడుకు మీద ఆమెకు మిగిలిన నమ్మకం తెచ్చి నా ముందు పెడితే, దాన్ని తీసేసుకుని నీళ్లిచ్చి పంపాను. సమ్మయ్య అడిగినప్పుడు టైమింగు సంగతి ఒప్పుకున్న నోరే దీన్ని దాచింది. ఇది అతనికి చెబుతానా? చెబితే అతనికి మేలా, నాకు మేలా? ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఎటు ఆలోచించినా నా తేలికే నాకు ముందు కనబడుతోంది.

కానీ ఇక్కడ, మీ ముందు, ఒక్కసారైనా పూర్తిగా అనాలి. సమ్మయ్య పెట్రోలులో ఏమీ కలపలేదు. టైమింగు తిప్పింది నేను. తెలిసీ దాచింది నేను. అతని తల్లి వచ్చి నిజం అడిగింది, అడిగితే నేను చెప్పలేదు.

అన్నాను.