టీవీలో కోడిపెట్ట

మాది గూడెం కొత్తవీధి దగ్గర కొండమీద ఊరు. కాఫీ, మిరియాలు పండిస్తాం. నిరుడు మా పాత డబ్బా టీవీ పూర్తిగా పాడైపోయింది. "ఆ అద్దం తీసేత్తే పెట్టిలో కోడిని పొదగెయ్యొచ్చు" అంది మా అత్త.

మా ఆయన గొడ్డలి తిరగేసి, వెనకవైపుతో అద్దం మీద రెండు దెబ్బలు వేశాడు. గీత కూడా పడలేదు. "కట్టెలు కొట్టే సెయ్యేనా అది?" అని నవ్వుతూ, పగులు వచ్చిందేమోనని నేను అద్దానికి మొహం ఆనించి మరీ చూశాను. ఆయనకు రోషం వచ్చింది. టీవీని తిప్పి, వెనక మూత ఊడదీసి మళ్లీ గొడ్డలెత్తాడు.

"ఏటి సేత్తన్నావు బావా! ఆగు!"

కాఫీ పళ్లు కోయడానికి సాయం వచ్చిన మా అన్నయ్య అరుపది. ఒకప్పుడు సీలేరులో టీవీలు బాగుచేసేవాడు. పరుగున వచ్చి గొడ్డలి లాక్కున్నాడు.

"ఆ అద్దం ఎనకున్న గాజు ట్యూబులో గాలుండదు. ముందు అద్దం మందం కాబట్టి ఆగింది. ఎనకాల పల్చన. అక్కడ పగిలితే బయటి గాలి ఒక్కసారే లోపలికి తోసుకొచ్చి, ముక్కలన్నీ ఎగిరొచ్చి మొహాన కొడతాయి!"

తర్వాత తడి గోనెసంచి కప్పి, ట్యూబు మెడ చివరనున్న సన్నటి గాజుమొనను పటకారుతో తుంచాడు. ఉస్సుమంటూ చాలాసేపు చప్పుడు వచ్చింది. అది ఆగేదాకా నేను గుమ్మం చాటునే నక్కాను.

"అది ఊపిరి పీల్సుకుంది. ఇంక నువ్వూ పీల్సుకో" అన్నాడు అన్నయ్య.

ట్యూబు ఊడదీసేశాక ఖాళీ అయిన ఆ టీవీలో ఇప్పుడు మా పెట్ట గుడ్లు పొదుగుతోంది. నేను దగ్గరికెళ్తే తల బయటపెట్టి గుర్రుగా చూస్తుంది. ఆ రోజు నేను మొహం పెట్టింది సరిగ్గా అక్కడే. అందుకే గుప్పెడు చోడిగింజలు వేసి వచ్చేస్తాను.